టెక్నో ఎవరి సంగీతం? జర్మనీదా, డెట్రాయిట్ నల్లజాతి కుర్రాళ్లదా?

నిద్రలేని_నీలిమ:
అందరికీ నమస్కారం. శనివారం రాత్రి ఆఫీసు ఫ్రెండ్స్‌తో కలిసి గచ్చిబౌలిలో ఒక టెక్నో నైట్‌కి వెళ్లాను. పాటల్లేకుండా నాలుగు గంటలు ఒకే దరువు మీద ఎలా నిలబడతారో అనుకుంటూ వెళ్లి, తెల్లవారుజామున ఇంటికొచ్చాక కూడా ఆ దరువు ఒంట్లోనే ఉన్నట్టు అనిపించింది. మా బ్యాచ్‌లో ఒకబ్బాయి "ఇది జర్మనీ వాళ్ల సంగీతం, బెర్లిన్‌లో పుట్టింది" అన్నాడు. ఇంకొకామె "కాదు, అమెరికాలో డెట్రాయిట్" అంది. నాకు తెలిసిన డెట్రాయిట్ అంటే కార్లు, మూతపడిన ఫ్యాక్టరీలు. అక్కడ ఈ సంగీతం ఎందుకు పుట్టింది? తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి, ఒక్క ముక్కలో వద్దు.

బేస్‌లైన్:
నీలిమ గారూ, మీ రెండో ఫ్రెండ్ చెప్పిందే నిజం. డెట్రాయిట్‌కి పడమరగా దాదాపు 45 కిలోమీటర్ల దూరంలో బెల్‌విల్ అనే చిన్న ఊరుంది. 1970ల చివర్లో అక్కడి హైస్కూల్లో ముగ్గురు నల్లజాతి కుర్రాళ్లు స్నేహితులయ్యారు. హువాన్ ఆట్కిన్స్, డెరిక్ మే, కెవిన్ సాండర్సన్. ఆ బడిలో నల్లజాతి పిల్లలు కొద్దిమందే కాబట్టి సహజంగానే దగ్గరయ్యారు. వీళ్లనే ఇప్పుడు 'బెల్‌విల్ త్రీ' అంటారు.

ముగ్గురిలో ముందు నడిచింది ఆట్కిన్స్. వాళ్ల బామ్మ ఆర్గన్ కొనడానికి మ్యూజిక్ షాపుకి వెళ్తే వెంట వెళ్లిన పిల్లాడు అక్కడ సింథసైజర్లు చూశాడు. తర్వాత కోర్గ్ ఎంఎస్-10 అనే సింథసైజర్ చేతికొచ్చింది. ఇంట్లో కూర్చుని ఆ ఒక్క యంత్రంతోనే దరువు, బేస్, స్వరం అన్నీ తయారుచేసుకుంటూ టేపుల మీద ఒకదాని పైన ఒకటి రికార్డు చేసేవాడు. కాలేజీలో రిచర్డ్ డేవిస్ పరిచయమయ్యాడు. ఆయన వియత్నాం యుద్ధం నుంచి తిరిగొచ్చినవాడు, వయసులో పెద్ద, తన పేరు పక్కన '3070' అనే అంకె పెట్టుకున్న మనిషి. ఇద్దరూ 'సైబోట్రాన్' అనే పేరుతో 1981లో 'ఆలీస్ ఆఫ్ యువర్ మైండ్' అనే రికార్డు సొంతంగా వేశారు. డెట్రాయిట్ చుట్టుపక్కలే దాదాపు 15 వేల కాపీలు పోయాయంటారు. పెద్ద కంపెనీ లేదు, ప్రకటనలు లేవు. అప్పటికి బెర్లిన్ మధ్యలో ఇంకా గోడ ఉంది.

ఆట్కిన్స్ సైబోట్రాన్ నుంచి బయటికొచ్చి 1985లో 'మోడల్ 500' అనే పేరుతో 'నో యూఎఫ్ఓస్' వేశాడు, మెట్రోప్లెక్స్ అనే సొంత రికార్డు లేబుల్ మీద. డెరిక్ మే ట్రాన్స్‌మ్యాట్ అనే లేబుల్ పెట్టుకున్నాడు, సాండర్సన్ కేఎంఎస్ పెట్టుకున్నాడు. ఎవరి దుకాణం వాళ్లదే, కానీ ఒకరి యంత్రాలు ఒకరు వాడుకునేవాళ్లు. ఈ ముగ్గురి పేర్లే చెప్పి ఊరుకుంటే ఎడ్డీ ఫౌల్క్స్‌కి అన్యాయం చేసినట్టే. 1986లోనే ఆయన రికార్డు మెట్రోప్లెక్స్ మీద వచ్చింది.

కాంటన్_కబుర్లు:
నేనుండేది కాంటన్‌లో, పక్కనే బెల్‌విల్. ఇక్కడ కాంటన్, నోవై, ట్రాయ్ అన్నిచోట్లా మన తెలుగువాళ్లు బాగా ఉన్నారు. సగం మందికి కార్ల కంపెనీల్లోనో, వాటికి విడిభాగాలు చేసేచోటో ఉద్యోగాలు. నేనూ అంతే. వచ్చిన మూడేళ్ల వరకు మా పక్క ఊళ్లోనే ఇంత కథ ఉందని నాకు తెలియదు. బెల్‌విల్ వెళ్లి చూస్తే ఒక చెరువు, చిన్న మెయిన్ రోడ్డు, చర్చిలు. ప్రపంచాన్ని ఆడించిన దరువు ఇక్కడి నుంచి వెళ్లిందని చెప్పే ఆనవాలు రోడ్డు మీద పోతుంటే ఏమీ కనపడదు.

"అక్కడే ఎందుకు" అన్న ప్రశ్నకి నాకర్థమైంది చెప్తాను. దక్షిణాది పత్తిచేలల్లో బతకలేక, కులంలాంటి వర్ణవివక్షని భరించలేక లక్షల మంది నల్లజాతివాళ్లు ఉత్తరాదికి వలస వచ్చారు. డెట్రాయిట్‌లో కార్ల ఫ్యాక్టరీలు పిలిచాయి. యూనియన్ ఉద్యోగం, సొంతిల్లు, పిల్లలకి చదువు. ఆ తరం కష్టంలోంచే 1959లో మోటౌన్ అనే రికార్డు కంపెనీ పుట్టింది. దాన్ని పెట్టిన బెర్రీ గార్డీ అంతకుముందు కార్ల అసెంబ్లీ లైన్లో పనిచేసినవాడే. ఒక చివర ఛాసిస్ పెడితే రెండో చివర కారు బయటికొచ్చినట్టు, పాటల్ని కూడా అలాగే తయారుచేశాడు. 1967 జూలైలో నగరం తగలబడింది. పోలీసుల దాడితో మొదలై అయిదు రోజులు సాగింది, 43 మంది చనిపోయారు. 1972లో మోటౌన్ లాస్ ఏంజెలెస్‌కి వెళ్లిపోయింది. తెల్లవాళ్లు శివార్లకి పోయారు. 1950లో 18 లక్షల 50 వేలున్న జనాభా 1990కి 10 లక్షల 30 వేలకి పడిపోయింది. మనుషులు చేసే వెల్డింగ్, పెయింటింగ్ పనుల్లోకి రోబోలు వచ్చాయి.

ఆ మిగిలిన నగరంలో పెరిగినవాళ్లు వీళ్లు. అందుకే ఆట్కిన్స్ అన్న మాట నాకు మనసులో నిలిచిపోయింది: గార్డీ సంగీతం కంటే ఫోర్డ్ ఫ్యాక్టరీలోని రోబోల మీదే తనకి ఎక్కువ ఆసక్తి అన్నాడు. మా లైన్ పక్కన నిలబడి రోబో చెయ్యి లేవడం, దిగడం, మళ్లీ లేవడం చూస్తుంటే నాకా మాటే గుర్తొస్తుంది. తమ నాన్నల ఉద్యోగాలు తీసుకున్న యంత్రాన్ని ఆ పిల్లలు ద్వేషించి ఊరుకోలేదు, దాన్ని తెచ్చుకుని దానితో పాడించారు. టెక్నోలో నాకు అన్నిటికంటే గొప్పగా కనపడేది ఇదే.

పాత_క్యాసెట్:
రేడియో గురించి ఎవరూ అనలేదు, అది లేకుండా ఈ కథ నిలబడదు. నేను రాత్రి రేడియో చెవికి ఆనించుకుని పెరిగినవాణ్ణి, అందుకని ఈ భాగం నాకు చాలా ఇష్టం.

డెట్రాయిట్‌లో 'ఎలక్ట్రిఫయింగ్ మోజో' అనే రేడియో జాకీ ఉండేవాడు. అసలు పేరు చార్లెస్ జాన్సన్. 1977 నుంచి డబ్ల్యూజీపీఆర్ అనే నల్లజాతివాళ్ల స్టేషన్లో రాత్రిళ్లు వచ్చేవాడు. ముఖం ఎవరికీ చూపించేవాడు కాదు. కార్యక్రమం మొదట్లో ఆకాశం నుంచి ఓడ దిగుతున్నట్టు శబ్దాలు వేసి, "ఇంట్లో ఉంటే వరండా లైటు వెయ్యండి, కార్లో ఉంటే హెడ్‌లైట్లు కొట్టండి, ఓడ ఎక్కడ దించాలో నాకు తెలియాలి" అన్నట్టుగా చెప్పేవాడు. వీధి వీధంతా లైట్లు వెలిగి ఆరేవట! ఊరు ఖాళీ అయిపోతున్న రోజుల్లో, చీకటి పడితే బయటికి రావడానికి జంకే రోజుల్లో, "మేమూ ఉన్నాం" అని ఒకరికొకరు లైటు వేసి చెప్పుకోవడం. ఇది చదివినప్పుడు నాకు ఒళ్లు జలదరించింది.

అమెరికా రేడియోలో నల్లవాళ్ల స్టేషన్, తెల్లవాళ్ల స్టేషన్ అని గీత గట్టిగా ఉండేది. మోజో దాన్ని లెక్కచెయ్యలేదు. నల్లజాతి ఫంక్ బృందం పార్లమెంట్-ఫంకడెలిక్ వేసిన వెంటనే జర్మనీ ఎలక్ట్రానిక్ బృందం క్రాఫ్ట్‌వెర్క్, దాని తర్వాత నల్లజాతి పాప్ గాయకుడు ప్రిన్స్, ఆపైన తెల్లవాళ్ల రాక్ బృందం బీ-52స్. నచ్చితే ఆల్బమ్ దాదాపు మొత్తం వేసేసేవాడు. విలేకరులకి దొరకని ప్రిన్స్ కూడా 1986లో మోజోకి ఇంటర్వ్యూ ఇచ్చాడు. పార్లమెంట్-ఫంకడెలిక్ నాయకుడు జార్జ్ క్లింటన్, క్రాఫ్ట్‌వెర్క్ ఒక సీక్వెన్సర్‌తో (స్వరాల్ని వరసగా తిరిగి తిరిగి వాయించే యంత్రం) పాటు లిఫ్టులో ఇరుక్కుపోతే వచ్చేదే మా సంగీతం అని డెరిక్ మే అన్నాడు కదా, ఆ లిఫ్టు మోజో స్టూడియోనే అని నా అభిప్రాయం.

రైన్_తీరం:
ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి రాస్తున్నాను. చర్చ బాగుంది, కానీ ఒకవైపే పోతోంది. క్రాఫ్ట్‌వెర్క్ 1970లో డ్యూసెల్‌డార్ఫ్‌లో మొదలైంది. 1977లోనే 'ట్రాన్స్-యూరప్ ఎక్స్‌ప్రెస్' వచ్చింది. రైలు చక్రాల చప్పుడునే దరువు చేశారు. ఇంకో సంగతి, ఇక్కడ మా ఊళ్లో టల్లా 2ఎక్స్ఎల్‌సీ అనే డీజే 1980ల మొదట్లో తను పనిచేసే రికార్డుల షాపులో ఎలక్ట్రానిక్ రికార్డులన్నీ ఒకచోట పెట్టి 'టెక్నో' అని పేరు రాశాడు. 1984లో 'టెక్నోక్లబ్' మొదలుపెట్టాడు. అంటే ఆ మాట 1988లో వచ్చిన డెట్రాయిట్ టెక్నో పాటల సంకలనం కంటే ముందే ఇక్కడ వాడుకలో ఉంది. మరి దాన్నెలా కొట్టిపారేస్తాం?

బేస్‌లైన్:
కొట్టిపారెయ్యడం లేదు సార్, మీరు చెప్పినవన్నీ నిజాలే. ఆ మాటకొస్తే జపాన్‌లో యెల్లో మ్యాజిక్ ఆర్కెస్ట్రా 1979లోనే 'టెక్నోపొలిస్' అని పాట చేసింది, అక్కడ 'టెక్నో-పాప్' అనే మాట అప్పటికే ఉంది. 'టెక్నో' అనేది ఆ రోజుల్లో గాలిలో ఉన్న మాట. ఫ్రాంక్‌ఫర్ట్ షాపులో ఆ పేరు కింద ఉన్నవి రకరకాల సింథ్ రికార్డులు. ఇప్పుడు మనం టెక్నో అని వింటున్న సంగీతం వేరు.

ఆట్కిన్స్‌కి ఆ మాట ఎక్కడి నుంచి వచ్చిందో చూడండి. హైస్కూల్లో భవిష్యత్తు గురించి ఒక క్లాసు ఉండేది, అందులో ఆల్విన్ టాఫ్లర్ అనే అమెరికన్ రచయిత రచనలు పరిచయమయ్యాయి. టాఫ్లర్ 1980లో రాసిన 'ది థర్డ్ వేవ్'లో 'టెక్నో రెబెల్స్' అనే మాట ఉంది. వ్యవసాయం, పరిశ్రమల తర్వాత సమాచారం మూడో అలగా వస్తుందని ఆయన వాదన. పరిశ్రమల అల తన కళ్లముందే వెనక్కి పోతున్న ఊళ్లో ఉన్న కుర్రాడికి అది పుస్తకంలా కాదు, తన వీధి గురించి రాసినట్టు అనిపించి ఉంటుంది. 1984లో సైబోట్రాన్ 'టెక్నో సిటీ' అని వేసింది.

పేరు స్థిరపడింది 1988లో. నీల్ రష్టన్ అనే ఇంగ్లండ్ ఆయన డెట్రాయిట్ పాటలతో ఒక సంకలనం వెయ్యబోయాడు. 'ద హౌస్ సౌండ్ ఆఫ్ డెట్రాయిట్' అని పేరు అనుకున్నారు. చివర్లో ఆట్కిన్స్ ఇచ్చిన పాట పేరు 'టెక్నో మ్యూజిక్'. దాంతో సంకలనం పేరే మార్చి 'టెక్నో! ద న్యూ డాన్స్ సౌండ్ ఆఫ్ డెట్రాయిట్' అన్నారు. అప్పటిదాకా చికాగోలో పుట్టిన హౌస్ అనే డాన్స్ సంగీతానికి తమ్ముడిలా ఉన్నది తన పేరుతో నిలబడింది.

ఇంకొక్కటి. క్రాఫ్ట్‌వెర్క్‌లో ఉన్న కార్ల్ బార్టోస్ తమకి జేమ్స్ బ్రౌన్ అన్నా, మోటౌన్ అన్నా ఎంత ఇష్టమో చెప్పాడు. డెట్రాయిట్ నుంచి వెళ్లిన రికార్డులు జర్మనీ వాళ్లు విన్నారు, వాళ్లు చేసింది మళ్లీ డెట్రాయిట్ పిల్లలు విన్నారు. కాబట్టి క్రాఫ్ట్‌వెర్క్‌ని మూలం అన్నా కూడా దాని కిందకి తవ్వితే మళ్లీ నల్లజాతి సంగీతమే కనపడుతుంది.

శ్రుతిలయ:
చికాగో మాట వచ్చింది కాబట్టి త్వరగా చెప్పేస్తాను. హౌస్ సంగీతం చికాగోలో నల్లజాతి గే క్లబ్బుల్లో పుట్టింది. డెరిక్ మే వాళ్లమ్మ చికాగో మారడంతో అక్కడికి వెళ్లినప్పుడల్లా రాన్ హార్డీ అనే డీజే వాయించే మ్యూజిక్ బాక్స్ క్లబ్‌కి వెళ్లేవాడు. అక్కడ జనం ఊగిపోవడం చూశాకే దరువుకి అంత బలం ఉందని తెలిసింది. తన టీఆర్-909 డ్రమ్ మెషీన్‌ని చికాగో డీజే ఫ్రాంకీ నకిల్స్‌కి అమ్మింది కూడా అతనే. డెట్రాయిట్‌లో కెన్ కాలియర్ అనే గే డీజే ఉండేవాడు. ఆ ఊరి డీజేలు చాలామంది ఆయన్ని గురువుగా చెప్తారు. టెక్నో అంటే రోబోలు, భవిష్యత్తు అని మాత్రమే రాసేవాళ్లు ఈ డాన్స్ ఫ్లోర్లని మర్చిపోతుంటారు. నాకది బాధగా ఉంటుంది.

ఇక యంత్రాల సంగతి. నేను కొన్నేళ్లు మృదంగం నేర్చుకున్నాను, అందుకే టీఆర్-808 డ్రమ్ మెషీన్ చూసినప్పుడు వెంటనే అర్థమైంది. ముందు వరసగా 16 బటన్లు. నాలుగు దెబ్బలు, ఒక్కో దెబ్బకి నాలుగు అక్షరాలు, మన చతురశ్ర గతి లాగే. ఏ బటన్ వెలిగిస్తే ఆ అక్షరం మీద దెబ్బ పడుతుంది. పాట ఆగకుండా నడుస్తుండగానే ఒక బటన్ ఆర్పి ఇంకొకటి వెలిగించొచ్చు. జపాన్ కంపెనీ రోలాండ్ 808ని 1980లో, 909ని 1983లో తెచ్చింది. డ్రమ్మర్ లేనివాళ్లు సాధన చేసుకోవడానికి, డెమోలు చేసుకోవడానికి అనుకుని కొన్నారు. నిజం డ్రమ్స్‌లా లేవని పక్కన పెట్టారు. 808లు 12 వేలు, 909లు 10 వేలు చేసి ఆపేశారు. అలా వదిలేసినవి పాత సామాన్ల షాపుల్లోకి తక్కువ ధరకి వచ్చాయి. డబ్బులేని కుర్రాళ్లకి అవే దొరికాయి. డ్రమ్స్‌ని అనుకరించడం మానేసి యంత్రం గొంతునే గొంతుగా తీసుకోవడం, అక్కడ ఉంది కళ.

మనవాళ్ల సంగతి కూడా ఒకటి ఉంది. హిందీ సినిమా ఆర్కెస్ట్రాల్లో వాయించిన చరణ్‌జిత్ సింగ్ 1982లో ముంబైలో 808, టీబీ-303 అనే బేస్ యంత్రం పెట్టుకుని భైరవ్, లలిత్, భూపాలి లాంటి రాగాల్ని డిస్కో దరువు మీద వాయించి ఆల్బమ్ చేశాడు. అప్పుడు ఎవరూ పట్టించుకోలేదు. 2010లో మళ్లీ విడుదలయ్యాక ప్రపంచం ఆశ్చర్యపోయింది. చికాగోలో అదే 303తో ఆసిడ్ హౌస్ అనే హౌస్ రకం వచ్చింది 1987లో. చరణ్‌జిత్ గారి ఆల్బమ్ చికాగోకి గానీ డెట్రాయిట్‌కి గానీ చేరలేదు. 'టెక్నో ఇండియాలో పుట్టింది' అని వాట్సాప్‌లో తిరిగేదాన్ని మాత్రం నమ్మకండి. ఆయన గొప్పతనానికి ఆ అబద్ధం అవసరం లేదు.

నిద్రలేని_నీలిమ:
ఇంత ఓపికగా రాసినందుకు అందరికీ థ్యాంక్స్. వరండా లైట్ల సంగతి అమ్మకి కూడా చదివి వినిపించాను. నాకు రెండు సందేహాలు. నల్లజాతివాళ్ల సంగీతమైతే, పోస్టర్ల మీద, వీడియోల్లో వాళ్లు ఎందుకు కనపడరు? ఈ కథలో ఆడవాళ్లు ఎవరూ లేరా?

రైన్_తీరం:
మొదటిదానికి నేను చెప్తాను, బెర్లిన్ లేకుండా అది చెప్పలేం.

1989 నవంబర్ 9న గోడ తెరుచుకుంది. తూర్పు వైపు భవనాలు ఎన్నో ఖాళీగా, యజమానులెవరో తెలియకుండా పడున్నాయి. పోట్స్‌డామర్ ప్లాట్జ్ దగ్గర వెర్ట్‌హైమ్ అనే పాత డిపార్ట్‌మెంట్ స్టోర్ ఉండేది. యూదు కుటుంబానిది, నాజీలు లాక్కున్నారు. యుద్ధం తర్వాత పైభవనం పోయింది, నేల కింద దాని లాకర్ల గది మిగిలింది. డిమిట్రి హెగెమాన్ బృందం 1991 మార్చిలో అక్కడ 'ట్రెజర్' క్లబ్ తెరిచింది. తుప్పు పట్టిన లాకర్ తలుపులు అలాగే ఉంచారు. ఆ గదిలో తూర్పు, పడమర పిల్లలు కలిసి ఆడారు, ఆడించింది డెట్రాయిట్ రికార్డులు. ట్రెజర్ లేబుల్ మొదటి విడుదల ఎక్స్-101, అంటే డెట్రాయిట్ వాళ్లయిన మైక్ బ్యాంక్స్, జెఫ్ మిల్స్, రాబర్ట్ హుడ్. ఒకటి కూలిన పరిశ్రమల నగరం, ఇంకొకటి కూలిన గోడ నగరం. 1993లో ట్రెజర్ సంకలనం పేరులోనే బెర్లిన్-డెట్రాయిట్ కూటమి అని రాసుకున్నారు. అప్పటి బెర్లిన్‌వాళ్లు ఈ అప్పుని దాచుకోలేదు.

తర్వాత వ్యాపారం పెరిగింది. లక్షలమంది వచ్చే పండగలయ్యాయి, డెట్రాయిట్ పేరు వెనక్కి పోయింది. 2024 మార్చిలో బెర్లిన్ టెక్నో సంస్కృతిని జర్మనీ తమ యునెస్కో జాతీయ వారసత్వ జాబితాలో చేర్చింది. బెర్లిన్ క్లబ్బులకి అది దక్కాల్సిందే. కానీ ఆ వార్త చూసి ఇక్కడి నా సహోద్యోగులే 'మన సంగీతం' అన్నారు. నిజం చెప్పాలంటే ఈ థ్రెడ్ చదివేముందు నేనూ అలాగే అనేవాణ్ణి.

బేస్‌లైన్:
దీనికి ఇంకో వైపు ఉంది. బ్యాంక్స్, మిల్స్ 1980ల చివర్లో మొదలుపెట్టిన 'అండర్‌గ్రౌండ్ రెసిస్టెన్స్' కావాలనే ముఖాలు దాచుకుంది. మాస్కులు, నల్లబట్టలు. మనిషిని కాదు, సంగీతాన్ని చూడమని. పెద్ద కంపెనీలకి అమ్ముడుపోకూడదని పట్టుదల. 1999లో వాళ్ల లేబుల్ మీద డీజే రోలాండో 'జాగ్వార్' పెద్ద హిట్టయింది. ఒక పెద్ద రికార్డు కంపెనీ హక్కులు అడిగితే వీళ్లు ఇవ్వలేదు. కంపెనీ వేరేవాళ్లతో అచ్చం అలాగే చేయించి విడుదలకి సిద్ధపడింది. అభిమానులు ప్రపంచం నలుమూలల నుంచి నిరసన తెలిపారు.

డ్రెక్సియా అనే డెట్రాయిట్ జంట గురించి చెప్పకుండా ఉండలేను. జేమ్స్ స్టిన్సన్, జెరాల్డ్ డొనాల్డ్. బానిస ఓడల మీద నుంచి గర్భిణి స్త్రీలని సముద్రంలోకి తోసేసేవాళ్లు. ఆ కడుపులోని బిడ్డలు చావకుండా నీళ్లలోనే ఊపిరి తీయడం నేర్చుకుని, సముద్రం అడుగున ఒక నాగరికత కట్టుకుంటే? 1997లో వచ్చిన వాళ్ల 'ద క్వెస్ట్' ఆల్బమ్ కవరు మీద ఈ కథ రాశారు. స్టిన్సన్ 2002లో చనిపోయాడు. మాటలు దాదాపు లేని సంగీతం, కానీ ఆ కథ తెలిశాక వింటే ఆ నీటి శబ్దాలు వేరేగా వినపడతాయి. 'టెక్నోకి భావం లేదు, ఉత్త చప్పుడు' అనేవాళ్లకి నేను ముందు ఇదే వినిపిస్తాను.

శ్రుతిలయ:
నీలిమా, రెండో ప్రశ్నకి: కెల్లీ హ్యాండ్ అనే డెట్రాయిట్ డీజే. కే-హ్యాండ్ అనే పేరుతో వాయించేది. అకేషియా అనే సొంత లేబుల్ నడిపింది. 2017లో డెట్రాయిట్ సిటీ కౌన్సిల్ ఆమెని 'ఫస్ట్ లేడీ ఆఫ్ డెట్రాయిట్' అని గౌరవించింది. 2021లో పోయారు. సాండర్సన్ 'ఇన్నర్ సిటీ' పేరుతో చేసిన 'బిగ్ ఫన్', 'గుడ్ లైఫ్' బ్రిటన్‌లో టాప్ 10లోకి వెళ్లాయి, వాటిలో గొంతు ప్యారిస్ గ్రేది. టెక్నోని ఇళ్లలోకి, రేడియోల్లోకి తీసుకెళ్లింది ఆ గొంతే.

కాంటన్_కబుర్లు:
ఊళ్లో ఉన్నవాడిగా ఒకటి జోడిస్తాను. 1315 బ్రాడ్‌వే అనే చిరునామాలో 1988లో మ్యూజిక్ ఇన్‌స్టిట్యూట్ అనే క్లబ్ తెరిచారు. మందు అమ్మేవాళ్లు కాదు, జ్యూస్ మాత్రమే. ఏడాదిన్నర నడిచి 1989లో మూతపడింది. డౌన్‌టౌన్ వెళ్లినప్పుడు ఆ వీధిలో ఆగాను. అండర్‌గ్రౌండ్ రెసిస్టెన్స్ వాళ్ల భవనం 3000 ఈస్ట్ గ్రాండ్ బులెవార్డ్‌లో ఉంది, లోపల చిన్న టెక్నో మ్యూజియం. ముందే అడిగి వెళ్లాలి. అదే రోడ్డు పడమటి వైపు, 2648 నంబర్ ఇంట్లో మోటౌన్ మ్యూజియం. ఒకే రోడ్డు మీద రెండూ ఉన్నాయి. మోటౌన్ ముందు బస్సులు బారులు తీరతాయి, ఇక్కడ మాత్రం నేను వెళ్లినరోజు మేం అయిదుగురమే.

ఏటా మే నెలాఖరులో నది ఒడ్డున హార్ట్ ప్లాజాలో పెద్ద పండగ జరుగుతుంది. 2000లో మొదటిసారి పెట్టినప్పుడు ప్రవేశం ఉచితం, కార్ల్ క్రెయిగ్ కళా దర్శకుడు. ఇప్పుడు దాని పేరు 'మూవ్‌మెంట్'. పోయినసారి మా పాపని భుజాల మీద ఎక్కించుకుని వెళ్లాను. మా ముందు అరవై ఏళ్లు దాటిన నల్లజాతి దంపతులు మడత కుర్చీలు తెచ్చుకుని కూర్చున్నారు. ఆయన రిటైరైన కార్ల ఫ్యాక్టరీ కార్మికుడు. మా టీషర్టు మీద కంపెనీ పేరు చూసి ఏ ప్లాంటని అడిగాడు. చెప్తే, "అక్కడే ముప్పై ఏళ్లు చేశా" అన్నాడు. వేదిక మీద వాయించేవాణ్ణి చూపించి "మా వీధి కుర్రాడు" అన్నాడు.

నిద్రలేని_నీలిమ:
రాత్రి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని 1981 నుంచి వరసగా విన్నాను. 'ఆలీస్ ఆఫ్ యువర్ మైండ్' నేను అనుకున్నంత వేగంగా లేదు, కొంచెం భయపెట్టేలా ఉంది. ఖాళీ వీధిలో నడుస్తున్నట్టు. తర్వాత డెరిక్ మే 1987లో చేసిన 'స్ట్రింగ్స్ ఆఫ్ లైఫ్'. ఆ పియానో వస్తుంటే ఏడుపొచ్చింది. ఏదో లేదనిపించి మళ్లీ పెట్టాను, మూడోసారికి దొరికింది: అందులో బేస్‌లైన్, అంటే అడుగున నడిచే మంద్రస్వరాల వరస, లేదు! బేస్‌లైన్ గారూ, నిజమేనా, నా హెడ్‌ఫోన్స్ తప్పా?

బేస్‌లైన్:
నిజమే. మీ హెడ్‌ఫోన్స్ బాగానే ఉన్నాయి. ఆ పియానో మైఖేల్ జేమ్స్ అనే స్నేహితుడు వాయించింది, దాన్ని మే ముక్కలు చేసి పేర్చాడు. ఇప్పుడు స్పీకర్ల మీద, కాస్త గట్టిగా పెట్టి వినండి.